పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఫర్మ్‌వేర్, బూట్ సమస్యలు: దోష నిర్ధారణ, పరిశోధన సమాచార రక్షణ

వ్యాససంగ్రహం: కళాశాలల్లో, విశ్వవిద్యాలయ శాఖల్లో పది పదిహేనేళ్లుగా వాడుకలో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఉన్నట్టుండి తెరుచుకోకపోవడం సాధారణ విషయం. అటువంటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ వేయడమే మార్గమన్న అభిప్రాయం బలంగా ఉంది. దానివల్ల చెక్కుచెదరని పరిశోధన సమాచారం చేజేతులా పోతున్నది. యంత్రం ఏ దశలో ఆగిందో గుర్తించే పద్ధతిని, సెట్టింగులు మారడానికీ డిస్క్ చెడిపోవడానికీ ఉన్న భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఫర్మ్‌వేర్, బయోస్, యూఈఎఫ్ఐ, సీమాస్ బ్యాటరీ, బూట్ క్రమం, డిస్క్ ప్రతిబింబం, సమాచార రక్షణ.

ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో పాత కంప్యూటర్ ఒకటి ఇంకా మిగిలి ఉండడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. యూనికోడ్ వాడుక స్థిరపడక ముందు సిద్ధాంత గ్రంథాలు, సదస్సు సంచికలు, అభినందన సంపుటాలు అధికభాగం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో అక్షరరూపం దాల్చాయి. ఆ ఫాంట్లు లేని యంత్రంలో అదే దస్త్రాన్ని తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఆంగ్లాక్షరాలు కనిపిస్తాయి. దస్త్రాన్ని పుట్టినప్పటి రూపంలో చూపగల సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, కీబోర్డు అమరిక అన్నీ ఆ పాత యంత్రంలోనే ఉంటాయి. క్షేత్రపర్యటనల్లో రికార్డు చేసిన పాటలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు కూడా చాలాచోట్ల ఆ ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే నిలిచి ఉన్నాయి.

అటువంటి యంత్రం ఒకనాడు నల్లని తెర మీద ఆపరేటింగ్ సిస్టమ్ కనబడలేదని చూపి ఆగిపోతుంది. మరమ్మతుకు వచ్చినవారు ‘ఫార్మాట్ కొట్టాలి’ అంటారు. నిజానికి ఆ సందేశానికి అర్థం యంత్రం తాను వెతికిన చోట ఆపరేటింగ్ సిస్టమ్‌ను కనుగొనలేకపోయిందని మాత్రమే. వెతికిన చోటు సరైనదేనా అన్న ప్రశ్నకు సమాధానం దొరకక ముందే డిస్క్‌ను తుడిచివేస్తే జరిగేది మరమ్మతు కాదు, నష్టం.

బూట్ క్రమం

మీట నొక్కిన తరువాత ఎస్‌ఎంపీఎస్ తన వోల్టేజీలు నిలకడకు వచ్చాయని మదర్‌బోర్డ్‌కు ఒక సంకేతం పంపుతుంది. ఆ తరువాతే ప్రాసెసర్ మేలుకొని, బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్‌ను అమలు చేయడం మొదలుపెడుతుంది. ఫర్మ్‌వేర్ ర్యామ్‌నూ, డిస్‌ప్లేనూ, కీబోర్డునూ పరీక్షించి బూట్ పరికరాన్ని వెతుకుతుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నుంచి కొనసాగిన బయోస్ పద్ధతిలో డిస్క్‌లోని మొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, చదవడంతో ఈ వెతుకులాట ముగుస్తుంది. అందులో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు విభజన పట్టిక, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్ర. ఆ పట్టికలో ప్రధాన విభాగాలు నాలుగింటికి మించి పట్టవు. సెక్టారు సంఖ్యకు 32 బిట్లే కేటాయించినందువల్ల సుమారు 2 టెరాబైట్లకు మించిన డిస్క్‌ను అది పూర్తిగా వినియోగించుకోలేదు. ఇంటెల్ సంస్థ ఇటానియం ప్రాసెసర్ల కోసం రూపొందించిన ఈఎఫ్ఐ, 2005లో ఏర్పడిన వేదిక ఆధ్వర్యంలో యూఈఎఫ్ఐగా మారింది. ఈ పద్ధతిలో ఫర్మ్‌వేర్ మొదటి సెక్టారులోని కోడ్ మీద ఆధారపడదు. డిస్క్‌లో ప్రత్యేకించిన ఒక చిన్న విభాగంలోని బూట్ దస్త్రాన్ని పేరుతో వెతికి అమలు చేస్తుంది.

సుమారు 2010 తరువాత దశాబ్దంపాటు వచ్చిన బోర్డులు చాలావరకు ఈ రెండు పద్ధతులనూ పాటించగలవు. ఇవాళ శాఖల్లో మొరాయిస్తున్న యంత్రాలు ఎక్కువగా ఆ తరానివే కావడం వల్ల చిక్కులూ అక్కడే ఎక్కువ.

నిర్ధారణకు ఒకే సూత్రం చాలు: యంత్రం ఎంతవరకు నడిచిందో అంతవరకు ఉన్న భాగాలు ప్రాథమికంగా పనిచేస్తున్నట్టే. తెర మీద ఒక్క అక్షరం కనిపించినా ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్, ఫర్మ్‌వేర్, డిస్‌ప్లే తమ పని చేశాయి. విండోస్ చిహ్నం కనిపించి మాయమైతే డిస్క్‌లో కొంత భాగమైనా చదవబడింది.

తెర వెలగక ముందు

ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉన్నప్పుడు వినవలసినవి బీప్ శబ్దాలు. ఛందస్సు చదివినవారికి ఇవి గురులఘువుల వలె వినిపించడం సహజం. అవార్డ్ బయోస్‌లో ఒక దీర్ఘ శబ్దం వెంట రెండు హ్రస్వ శబ్దాలు, అనగా భగణం, వస్తే డిస్‌ప్లే కార్డును అనుమానించాలి. అయితే ఈ లక్షణం అన్ని బయోస్‌లకూ ఒకటి కాదు; ఏ బోర్డుకు ఆ బోర్డు వివరణ పుస్తకమే లక్షణ గ్రంథం. శబ్దమే లేకపోతే క్యాబినెట్‌లో స్పీకర్ అమర్చి ఉన్నదో లేదో ముందుగా చూడాలి.

ఈ దశలోని దోషాలు అధికంగా భౌతికమైనవి. కోస్తా ప్రాంతపు తేమకూ ధూళికీ ర్యామ్ అంచుల మీది లోహపు పట్టీలపై పొర ఏర్పడుతుంది. విద్యుత్తును పూర్తిగా తొలగించి, ర్యామ్‌ను బయటకు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కొక్కటిగా ఒక్కొక్క గాడిలో పరీక్షించడం వల్ల ‘చనిపోయిన’ యంత్రాలు లేచిన సందర్భాలు తక్కువేమీ కాదు. 2000 తరువాతి తొలి సంవత్సరాల బోర్డుల్లో కెపాసిటర్ల తలలు ఉబ్బడం ప్రసిద్ధమైన లోపం. ఆ బోర్డును బాగుచేయించేకంటే అందులోని హార్డ్‌డిస్క్‌ను తీసి మరో యంత్రానికి అమర్చి సమాచారాన్ని నకలు చేసుకోవడం వివేకం.

సీమాస్ బ్యాటరీ కల్పించే భ్రమలు

1984 నాటి ఐబీఎం పీసీ ఏటీ నుంచి గడియారానికీ, సెట్టింగులను నిలుపుకునే చిన్న స్మృతికీ బ్యాటరీ ఆధారమైంది. ఇప్పటి బోర్డుల్లో అది సీఆర్2032 అనే నాణెం ఆకారపు సెల్. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. బోర్డుకు విద్యుత్తు అందుతున్నంతకాలం, యంత్రం ఆపి ఉన్నా, గడియారం ఎస్‌ఎంపీఎస్ అందించే స్టాండ్‌బై విద్యుత్తుతో నడుస్తుంది. గోడ స్విచ్ కట్టేసినప్పుడే భారం సెల్ మీద పడుతుంది. రోజూ సాయంత్రం మెయిన్ ఆపివేసే కళాశాలల్లో సెల్ త్వరగా అయిపోవడానికీ, వేసవి సెలవుల తరువాత జూన్‌లో తెరిచిన గదుల్లో ఈ సమస్య గుంపుగా బయటపడడానికీ ఇదే కారణం.

సెల్ అయిపోతే గడియారం బోర్డు తయారైన కాలపు తేదీకి వెనుదిరుగుతుంది. ఆ తేదీతో బ్రౌజర్ తెరిస్తే వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలు చెల్లవన్న హెచ్చరిక వస్తుంది. వాడుకరి దానిని ఇంటర్నెట్ దోషమనుకుంటాడు. పరిశోధకుడికి ఇంతకంటే తీవ్రమైన చిక్కు మరొకటుంది. తప్పు తేదీతో నడిచిన రోజుల్లో భద్రపరచిన ప్రతి దస్త్రమూ ఆ తప్పు తేదీనే మోస్తుంది. ఒక కళాకారుని పాట ఏ సంవత్సరం రికార్డయిందో నిర్ణయించడానికి దస్త్రపు తేదీ తప్ప వేరే ఆధారం లేనప్పుడు, సంవత్సరాలు మారిన దస్త్రాలు క్షేత్రపరిశోధన విశ్వసనీయతనే దెబ్బతీస్తాయి. పాత యంత్రం నుంచి సేకరించిన దస్త్రాల తేదీలను పర్యటన పుస్తకంతో సరిపోల్చకుండా ఉటంకించకూడదు.

తేదీతోపాటు సెట్టింగులు కూడా కర్మాగారపు స్థితికి మళ్లినప్పుడు అసలు భ్రమ మొదలవుతుంది. వాటిలో మూడు ముఖ్యమైనవి. బూట్ పరికరాల వరుస మారి యంత్రం ఖాళీ డీవీడీ డ్రైవ్‌నో, గుచ్చి మరచిన పెన్‌డ్రైవ్‌నో ముందు వెతకవచ్చు. బయోస్, యూఈఎఫ్ఐ పద్ధతుల్లో ఒకదానికి బదులు మరొకటి ఎంపిక కావచ్చు. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న డిస్క్ కూడా బూట్ కాదు. మూడవది సాటా నియంత్రిక పద్ధతి. విండోస్‌ను ఏహెచ్‌సీఐ పద్ధతిలో వేసిన యంత్రం ఐడీఈకో రైడ్‌కో మారితే, విండోస్ చిహ్నం కొద్ది క్షణాలు కనిపించి, నీలి తెర మీద 0x7B అన్న సంఖ్య మెరిసి, యంత్రం మళ్లీ మొదటికి వస్తుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఇదే తంతు. చూసినవారు వైరస్ అంటారు, విండోస్ పాడైందంటారు, హార్డ్‌డిస్క్ పోయిందంటారు. సెట్టింగుల తెరలో ఆ ఒక్క పదాన్ని పూర్వస్థితికి మార్చగానే విండోస్ యథాతథంగా తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐ పద్ధతికి మారిన పాత యంత్రంలో విండోస్‌ను తిరిగి వేయబోతే, ఎంచుకున్న డిస్క్‌లో ఎంబీఆర్ పట్టిక ఉన్నందున వేయడం కుదరదని ఇన్‌స్టాలర్ అంటుంది. పని త్వరగా ముగించాలనుకునేవారు అక్కడే అన్ని విభాగాలనూ తొలగిస్తారు. సి డ్రైవ్‌తోపాటు డి డ్రైవ్ కూడా పోతుంది. ‘సి మాత్రమే ఫార్మాట్ చేస్తాం, డి జోలికి వెళ్లం’ అన్న హామీ ఈ ఒక్క సందేశం దగ్గర కొట్టుకుపోతుంది.

మల్టీమీటర్‌తో కొలిస్తే కొత్త సెల్ 3 వోల్టులు లేదా కొంచెం ఎక్కువ చూపుతుంది, 2.7కు దిగినదాన్ని మార్చడం మేలు. యంత్రం బాగున్నప్పుడే సెట్టింగుల తెరలన్నిటినీ ఫోనుతో ఫొటో తీసి, ఆ కాగితపు ప్రతిని క్యాబినెట్ లోపలి గోడకు అంటించి ఉంచితే తరువాతివారికి ఊహాగానాల అవసరముండదు.

డిస్క్‌ను అనుమానించవలసిన సందర్భం

సెట్టింగులు సరిగా ఉండి కూడా డిస్క్ పేరు ఫర్మ్‌వేర్ తెరలో కనిపించకపోతే ముందు సాటా కేబుల్‌ను, పోర్టును మార్చి చూడాలి. పేరు కనిపిస్తూ బూట్ కాకపోతే, పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైనక్స్‌తో యంత్రాన్ని లేపి డిస్క్ ఆరోగ్య నివేదికను చదవాలి. స్మార్ట్ అని పిలిచే ఈ నివేదికలో 5వ అంశం బదిలీ అయిన సెక్టార్లను, 197వ అంశం చదవడానికి మొరాయిస్తూ నిర్ణయం కోసం వేచి ఉన్న సెక్టార్లను తెలుపుతాయి. ఈ సంఖ్యలు పెరుగుతున్నా, డిస్క్ నుంచి టిక్కుటిక్కుమనే శబ్దం వస్తున్నా మరమ్మతు ప్రయత్నాలు అక్కడితో నిలిపివేయాలి.

ఈ స్థితిలో చెక్‌డిస్క్ నడపడం తప్పు. అది దస్త్రవ్యవస్థ పొందికను పునరుద్ధరించడానికి డిస్క్ మీద రాస్తుంది. కూలుతున్న డిస్క్ మీద రాయడమంటే మిగిలినదాన్ని పణంగా పెట్టడమే. ముందు నకలు, తరువాతే మరమ్మతు. జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఇందుకు తగిన ఉపకరణం. అది సులభంగా చదవగల భాగాలను మొదట కాపీ చేసి, మొండికేసే భాగాలకు తరువాత మళ్లీ వస్తుంది. ఎక్కడివరకు చదివిందో వేరొక దస్త్రంలో నమోదు చేసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా పని మొదటికి రాదు. మూలం, గమ్యం అన్న వరుస తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మూలాన్ని కప్పివేస్తుందన్న ఎరుక మాత్రం ఆ ఆదేశం టైపు చేసేవారికి ఉండాలి.

నకలు చేతికి వచ్చాక బూట్ మరమ్మతులకు భయపడనక్కరలేదు. విండోస్ మరమ్మతు తెరలోని బూట్‌రెక్ ఆదేశాలు మొదటి సెక్టారులోని కోడ్‌నూ, బూట్ వివరాల దస్త్రాన్నీ తిరిగి నిర్మిస్తాయి. లైనక్స్‌లో గ్రబ్‌ను మళ్లీ వేస్తే సరిపోతుంది.

ఫర్మ్‌వేర్‌ను మార్చడం

ఫర్మ్‌వేర్ నవీకరణను అన్ని రోగాలకూ మందుగా సూచించడం ఒక దురలవాటు. పదేళ్లు పనిచేసిన యంత్రం నేడు ఆగిందంటే పదేళ్లుగా మారని కోడ్‌ను కారణంగా చూపడం తర్కానికి నిలవదు. కొత్త ప్రాసెసర్ అమర్చడం, ప్రకటితమైన భద్రతా లోపాన్ని పూడ్చడం వంటి నిర్దిష్ట ప్రయోజనం ఉంటేనే ఆ పనికి పూనుకోవాలి. అప్పుడు కూడా బోర్డు నమూనాతోపాటు దాని మీద ముద్రించిన రివిజన్ సంఖ్య సరిచూసుకొని, యూపీఎస్ మీద నడిపించి చేయాలి. చిప్ మీద రాస్తుండగా విద్యుత్తు పోతే బోర్డు మొద్దుబారుతుంది. ఫర్మ్‌వేర్ చెరిగితే ఏమవుతుందో 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ చూపింది. అది డిస్క్ ప్రారంభభాగాన్ని తుడిచి, వీలైన బోర్డుల్లో బయోస్ చిప్‌ను కూడా చెరిపింది. అలా మొద్దుబారిన బోర్డును నేడు ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్‌కు ప్రోగ్రామర్ తగిలించి బతికించవచ్చు. చిప్‌లో ఉన్నదాన్ని ముందుగా రెండుసార్లు చదివి, రెండు ప్రతులూ ఒకటేనని తేలాకే దాన్ని చెరపాలి. క్రమసంఖ్య, నెట్‌వర్క్ చిరునామా వంటి ఆ బోర్డుకే చెందిన వివరాలు అందులో ఉండవచ్చు.

బిట్‌లాకర్ ఉన్న యంత్రాల్లో ఫర్మ్‌వేర్‌ను, సెక్యూర్ బూట్‌ను, టీపీఎంను కదిలించక ముందే 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉండాలి. అది లేకపోతే డిస్క్ క్షేమంగా ఉన్నా సమాచారం అందదు. మైక్రోసాఫ్ట్ 2011లో జారీ చేసిన సెక్యూర్ బూట్ ధ్రువపత్రాలకు 2026 జూన్ మొదలుకొని గడువు ముగుస్తుంది. ఆ రోజుతో యంత్రాలు ఆగిపోతాయని దీని అర్థం కాదు. కొత్త ధ్రువపత్రాలు అందని యంత్రాలకు బూట్ భాగాల భద్రతా సవరణలు అందవు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక పాత యంత్రాన్ని నెట్‌వర్క్‌కు దూరంగా ఉంచడమే మేలు.

యంత్రం కోలుకున్నా అది శాశ్వతం కాదు. పూర్తి డిస్క్ ప్రతిబింబాన్ని తీసి, వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో కొత్త కంప్యూటర్ మీద నడిపితే పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డు అమరిక ఉన్నవి ఉన్నట్టుగా లభిస్తాయి. పాత విండోస్ అక్కడ కూడా నియంత్రిక పద్ధతిని పట్టించుకుంటుంది. వర్చువల్ యంత్రంలో ఐడీఈ, ఏహెచ్‌సీఐలలో మూలయంత్రంలో ఉన్నదానినే ఎంచుకోవాలి. ప్రతిబింబాన్ని రెండు వేర్వేరు డిస్క్‌లలో ఉంచి, దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువను, తీసిన తేదీని, యంత్రం ఏ శాఖదో, అప్పటికి దాని గడియారం ఏ తేదీ చూపుతున్నదో ఒక కాగితం మీద రాసి గ్రంథాలయపు నమోదులో చేర్చాలి.