కక్షిదారు తరఫున అఫిడవిట్‌పై ఎవరు ప్రమాణం చేయవచ్చు?

అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి, రాతపూర్వకంగా ఇచ్చే వాంగ్మూలం. దీన్నే ప్రమాణపత్రం అని కూడా అంటారు. దావా వేసిన వ్యక్తే దీనిపై సంతకం చేయాలా? ఆయన తరఫున మరొకరు చేయవచ్చా? ఈ భాగంలో తెలుసుకుందాం.

మూల సూత్రం

సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని 19వ ఆర్డరు, 3వ రూలు ప్రకారం, ప్రమాణం చేసే వ్యక్తి తనకు స్వయంగా తెలిసి, తాను రుజువు చేయగల విషయాలనే అఫిడవిట్‌లో చెప్పాలి. మధ్యంతర దరఖాస్తులలో మాత్రం నమ్మకం మీద చెప్పిన మాటలను కూడా కోర్టు అనుమతించవచ్చు. అయితే ఆ నమ్మకానికి ఆధారమేమిటో రాయాలి. అంటే చుట్టరికం కన్నా విషయ పరిజ్ఞానం ముఖ్యం.

ఎవరెవరు చేయవచ్చు?

1. కక్షిదారు స్వయంగా, లేదా కక్షిదారులలో ఒకరు.
2. సంగతులు తెలిసిన వ్యక్తి అని కోర్టుకు రుజువైన మరొకరు. అర్జీని ధ్రువీకరించిన వ్యక్తి దానికి తోడుగా అఫిడవిట్ కూడా ఇవ్వాలనే నియమం 2002 జులై 1 నుంచి అమలులో ఉంది.
3. మైనరు వాది అయితే నెక్స్ట్ ఫ్రెండ్, ప్రతివాది అయితే కోర్టు నియమించిన గార్డియన్.
4. కంపెనీ అయితే, సంగతులు చెప్పగల కార్యదర్శి, డైరెక్టరు లేదా ముఖ్య అధికారి.
5. పవర్ ఆఫ్ అటార్నీ పొందిన వ్యక్తి. అయితే ఈయనకు ఒక పరిమితి ఉంది.

ఒక ఉదాహరణ

కడప జిల్లాకు చెందిన ఒక రైతు పొలం కొనడానికి బయానా ఇచ్చి, పని కోసం కువైట్ వెళ్లాడు. అమ్మకందారు రిజిస్ట్రేషన్ చేయనన్నాడు. రైతు తన తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాడు. తమ్ముడు దావా దాఖలు చేయవచ్చు. తాను కళ్లారా చూసినవీ, తాను స్వయంగా చేసినవీ ప్రమాణం మీద చెప్పవచ్చు. కానీ బయానా ఇచ్చినప్పుడు అతను అక్కడ లేడు. ఆ సంగతి అన్నకు బదులుగా అతను చెబితే చెల్లదు. జానకి వాసుదేవ్ భోజ్వాని కేసులో సుప్రీంకోర్టు 2004లో ఇదే సూత్రాన్ని స్పష్టం చేసింది.

మరి అన్న ఏం చేయాలి? కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంలో కాన్సులర్ అధికారి ఎదుట ప్రమాణం చేసి, అఫిడవిట్ పంపవచ్చు. అయితే విచారణలో ప్రధాన సాక్ష్యంగా ఇచ్చే అఫిడవిట్‌పై ఎదుటి పక్షం క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తుంది. దానికి ఆయనే జవాబు చెప్పాలి. ఇది గమనించక, తమ్ముడి సాక్ష్యం మీదే ఆధారపడితే, న్యాయమైన దావా కూడా వీగిపోవచ్చు.

గుర్తుంచుకోండి

మన దేశంలో అఫిడవిట్‌పై ప్రమాణం చేయించే అధికారం కోర్టుకు, మేజిస్ట్రేటుకు, నోటరీకి, హైకోర్టు నియమించిన అధికారికి ఉంటుంది. చదవకుండా సంతకం చేయకండి. చదువురాని వారు వేలిముద్ర వేసే ముందు తమకు తెలిసిన భాషలో చదివించుకొని వినాలి. న్యాయ విచారణలో తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం ఇస్తే, భారతీయ న్యాయ సంహిత, 2023లోని 229వ సెక్షన్ కింద 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు.

పాఠ్యగత ప్రశ్నలు

1. మధ్యంతర దరఖాస్తుకు ఇచ్చే అఫిడవిట్‌లో ఉన్న వెసులుబాటు ఏమిటి?
2. పై ఉదాహరణలో బయానా ఇచ్చినప్పుడు తమ్ముడు కూడా పక్కనే ఉండి ఉంటే, మీ జవాబు మారుతుందా? ఎందుకు?