మోటారు తలుపునకు దిడ్డివాకిలి

వైశాఖమాసపు టెండలు నిప్పులు చెరుగుచున్న దినములలో ఒకనాటి సాయంకాలము కొండాపూర్‌లో మా మేనకోడలి ఇంట నేనుంటిని. ఆమె అత్తగారు ఆ రాత్రి విమానములో కాలిఫోర్నియాలోని చిన్నకుమారుని యొద్దకు బయలుదేరవలసి యుండెను. పెట్టెలు తూచి, తాళ్లు బిగించి, ఆవకాయ పొట్లములను మూడు పొరల సంచులలో చుట్టి కారులో కెక్కించిన తరువాత, అంతవరకు ఆకైన కదలనిచోట, ఆకాశమున పడమటి దిక్కున మబ్బు కమ్మి, ఈదురుగాలి లేచి, వీధి చివర నెక్కడనో ఒక కొమ్మ విరిగిన చప్పుడు వినబడిన మరుక్షణమున కరెంటు పోయినది. ఇంటి గేటు మోటారుతో ప్రక్కకు జరుగు ఇనుపగేటు. రిమోటు నెన్నిమారులు నొక్కినను అది ఉలుకలేదు, పలుకలేదు.

“మామయ్యా, ఈ గేటు పెట్టినవాళ్లు వెళ్లేముందు ఏదో చూపించారు. అప్పుడు నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను” అని మేనకోడలు చేతులు నలుపుకొన్నది.

“చిన్న తాళంచెవి ఒకటి ఉండె సారూ. యాడ పెట్టిన్రో నాకు తెల్వదు” అని వాచ్‌మన్ అన్నాడు.

నలుగురము భుజములు మోపి త్రోసితిమి. గేటు అంగుళమైనను కదలలేదు. తుదకు పెద్దగేటు ప్రక్కనున్న చిన్నవాకిట పెట్టెల నొక్కొక్కటిగా వానలో మోసి, పొరుగువారి కారు నర్థించి, డెబ్బదియేండ్ల ఆ పెద్దావిడను తడిసిన చీరతోనే శంషాబాదు విమానాశ్రయమునకు పంపవలసి వచ్చినది. మరునాడు వచ్చిన మెకానిక్కు మోటారు పెట్టెకున్న చిన్నమూత తీసి, తన యొద్దనున్న తాళంచెవిని త్రిప్పి, మీటను బయటికి లాగి, గేటును ఒక్క అరచేతితో నెట్టివేసెను. అర నిమిషము పట్టలేదు. ఆ అర నిమిషమును చూచినప్పటినుండియు ఈ విషయమును నలుగురికి చెప్పవలెనను తలంపు నన్ను వదలలేదు.

పూర్వము కోటల పెద్దతలుపులకు, దొరల దేవిడీల సింహద్వారములకు దిడ్డి యను చిన్నవాకిలి యుండెడిది. పెద్దతలుపు తీయుటకు పదిమంది కావలెను. దిడ్డికి ఒక మనిషి చాలును. కొండాపూర్‌నుండి ఎంతో దూరము లేని గోలకొండలో ఏనుగులు కుమ్మకుండ ఇనుపములుకులు దిగగొట్టిన మహాకవాటముల నిప్పటికిని చూడవచ్చును. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది మాసములు ముట్టడించియు భేదింపలేకపోయిన ఆ దుర్గము, లోపలివారు ద్వారము తెరచుటచేతనే వశమైనదని చరిత్రకారులు వ్రాసిరి. తలుపు ఎంత బలమైనదైనను లోపలి చేతికి లొంగునట్లుగనే దానిని నిర్మింతురు. మోటారు తలుపులును ఇందుకు భిన్నములు కావు. వానిని చేసినవారు ప్రతిదానియందును చేతికొక దిడ్డిని విడిచియే యున్నారు. అదెక్కడనున్నదో ఇంటివారికి తెలియకపోవుటయే చిక్కు.

మన నగరమున ఎక్కువగా కానవచ్చునది ప్రక్కకు జరుగు గేటు గనుక ముందుగా దానిని చెప్పుదును. గేటు అడుగున పొడవునను పండ్లపట్టీ యొకటి బిగించియుండును. మోటారు పెట్టెలోనుండి బయటికి కనబడు పండ్లచక్రము ఆ పట్టీతో కలిసి తిరుగుటచేత గేటు జరుగును. పెట్టె లోపల, మోటారునకును ఈ చక్రమునకును నడుమ, మెకానిక్కులు వర్మ్ గేరు అని పిలుచు మరచుట్ల ఇరుసు ఉండును. దాని గుణమేమనగా, మోటారు తిరిగిన చక్రము తిరుగును గాని, చక్రమును బయటినుండి ఎంత బలముతో త్రోసినను మోటారు తిరుగదు. కరెంటు లేనప్పుడు దొంగ వచ్చి గేటును నెట్టివేయకుండుటకు ఈ గుణమే కావలి. ఆనాడు మా నలుగురి భుజబలమును గెలిచినదియు ఇదియే. గేటు బరువు కాదు. కొన్ని వందల కిలోల గేటైనను, చక్రములు శుభ్రముగానుండి పట్టా సమముగానున్నచో, ఒక మనిషి నెట్టిన కదలును. తాళంచెవి త్రిప్పి మీట లాగినప్పుడు ఆ ఇరుసునకును చక్రమునకును సంబంధము తెగిపోవును. గేటు చేతికి స్వాధీనమగును.

అయితే మీటమీద చేయి వేయుటకు ముందు మోటారునకు వచ్చు స్విచ్చునో, ఎమ్‌సీబీనో తప్పక దించవలెను. కరెంటు ఎప్పుడు వచ్చునో ఎవరెరుగుదురు? నడుమ వ్రేళ్లుండగా చక్రము తిరిగినచో కలుగు హాని చిన్నది కాదు. పిదప గేటును మెల్లగా నెట్టవలెను. వీధి వాలుగానున్నచోట అది తనంత తాను పరుగెత్తును గనుక ఒకరు ఎదుట పట్టుకొనవలెను. ఇంకొకమాట ఎవరును చెప్పరు: మీట తీసియున్నంతసేపు ఆ గేటు తాళము లేని గేటు. దారిన పోవువాడెవడైనను దానిని నెట్టవచ్చును. కావున రాత్రివేళ అట్లే విడువక గొలుసు చుట్టి తాళము వేయవలెను. కరెంటు వచ్చిన తరువాత గేటును మూసి, మీటను యథాస్థానమునకు త్రోసి, తాళంచెవి తీసికొని, అటుపిమ్మటనే స్విచ్చు వేయవలెను. కొన్ని యంత్రములు మొదటిసారి తమ హద్దులను మరల గుర్తుపట్టుకొనుటకు నెమ్మదిగా నడచును, దానికి భయపడ నక్కరలేదు. రెండు రెక్కలుగా తెరచుకొను గేట్ల మోటారు చేతులకును ఇట్టి తాళపు మీటయే ఉండును.

మాదాపూర్, మణికొండ వీధులలోని దుకాణములకును, కొన్ని సెల్లారుల వాలుదారులకును ఉండు మోటారు షట్టరు వేరు జాతి. చేతితో ఎత్తు పాతకాలపు షట్టరు పైచుట్టలో స్ప్రింగులుండి బరువును మోయును. మోటారు షట్టర్లలో పెక్కింటికి ఆ స్ప్రింగుల సాయము లేదు, లేక తక్కువ. బరువంతయు గేర్లమీదను బ్రేకుమీదను ఉండును. అందుచేత ప్రక్కన వ్రేలాడు గొలుసును దానికి ఉపకరణముగా పెట్టిరి. గొలుసును ఒకవైపు లాగుచున్న కొలది షట్టరు లేచును. బారెడు గొలుసు లాగినను షట్టరు బెత్తెడే లేచుట చూచి విసుగు చెందరాదు. బావిగిలకకంటె గేరు మనకు ఎక్కువ బలమునిచ్చును గాని, దానికి బదులుగా ఓపిక నడుగును. దించుటకు ఎక్కువ రకములలో బ్రేకు విడుచు చిన్న త్రాడో మీటయో ఉండును. దానిని కొంచెముకొంచెముగా లాగి విడుచుచు దింపవలెను. ఒక్కసారిగా లాగి పట్టినచో బరువంతయు క్రిందికి ఉరుకును. ఈ పని జరుగుచున్నంతవరకు షట్టరు క్రింద ఎవరును, ముఖ్యముగా పిల్లలు, నిలువరాదు. గొట్టములో ఇమిడిన చిన్నమోటార్ల షట్టర్లకు గొలుసుకు బదులు పిడికడ్డీ యిత్తురు. పైనున్న కొక్కెములో తగిలించి త్రిప్పవలెను, చివర బిగిసినప్పుడు బలవంతపెట్టరాదు.

ఇక మన పిల్లలు అమెరికాలో నిత్యము చూచు గరాజు తలుపు. అడ్డపలకలుగా మడతపడి, పట్టాలమీద పైకిలేచి, కారు నెత్తిమీద పడుకొను ఆ తలుపును 1921లో సీ.జీ. జాన్సన్ అనునతడు రూపొందించెను; దానిని ఎత్తు విద్యుద్యంత్రమును 1926లో ఆయనయే తెచ్చెను. దీనియందు నాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పినది ఒకటి కలదు. ఆ తలుపును మోటారు ఎత్తుచున్నదని మనమనుకొందుము. నిజమునకు బరువును మోయునది పైనుండు మెలిస్ప్రింగు. తలుపు దిగుచున్నప్పుడు ఆ స్ప్రింగు మెలిబడి శక్తిని దాచుకొనును; లేచునప్పుడు ఆ శక్తినే తిరిగి యిచ్చును. మోటారు చేయునది తక్కెడను ఇటో అటో వంచునంతటి సాయము మాత్రమే. అందుచేతనే, పై పట్టా నుండి వ్రేలాడు ఎర్రని త్రాడును లాగి మోటారు బండినుండి తలుపును విడదీసినచో, ఒక ముసలమ్మ సైతము దానిని చేతితో ఎత్తగలదు.

అది స్ప్రింగు బాగుగా నున్నప్పటి మాట. స్ప్రింగు విరిగియున్నచో ఎర్రత్రాడు లాగిన తక్షణమే తలుపు పిడుగువలె పడును. కాబట్టి త్రాడును తలుపు పూర్తిగా మూసియున్నప్పుడే లాగవలెను; చేతికి మామూలుకంటె బరువుగా తోచినచో ఎత్తు ప్రయత్నము మానవలెను; స్ప్రింగును తామే సరిచేయుదమను సాహసము ఎవరును చేయరాదు, దానిలో బిగిసియున్న శక్తి మనుష్యుని చంపగలదు. మరియొకటి: మోటారు తలుపుల క్రింద పసిబిడ్డలు నలిగి మరణించుటచేత, 1993నుండి అమెరికాలో తయారగు ప్రతి ఇంటి గరాజు యంత్రమునకును అడ్డు తగిలిన వెనుకకు మరలు కట్టడి విధించిరి. చేతితో నడుపునప్పుడు ఆ కాపలా ఏదియు పనిచేయదు. యంత్రపు కన్ను మూసికొనిన వేళ మన కన్నే తెరచి యుంచవలెను.

ఆ పెద్దావిడ పోయిన కాలిఫోర్నియాలో ఇది శాసనసభవరకు పోయిన విషయము. 2017 అక్టోబరులో సాంటా రోజా ప్రాంతమును దావానలము చుట్టుముట్టిన రాత్రి కరెంటు పోగా, గరాజు తలుపులు తెరువలేక కార్లతో లోపలనే చిక్కినవారుండిరి. బ్రతికి బయటపడనివారును ఉండిరి. అందుమీదట, అక్కడ అమ్ము ఇంటి గరాజు యంత్రములన్నింటికిని బ్యాటరీ ఉండితీరవలెనని చట్టము చేసి, 2019 జులై 1నుండి అమలు పరచిరి. మనవారు వేలకొలదిగా నివసించు టెక్సాసులో 2021 ఫిబ్రవరి హిమపాతమున దినములకొలది కరెంటు లేకపోగా, చలికి తాళలేక మూసిన గరాజులో కారు ఇంజను నడిపి, దానినుండి వెలువడు వాసన లేని విషవాయువుచేత ప్రాణములు కోలుపోయిన వారు గలరు. తలుపు తెరచినను సరే, ఇంటికంటుకొనియున్న గరాజులో ఇంజను నడుపరాదు. విదేశముననున్న బిడ్డలతో ఫోనులో మాటలాడునప్పుడు ‘తిన్నావా, పడుకొన్నావా’ అని అడుగు తల్లిదండ్రులు ఈ ఒక్కమాటను గూడ చెప్పవలెనని నా ప్రార్థన.

మన నగరమునకు వచ్చునట్టి చీకటి వేరు. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరభారతమంతయు చీకటిలో మునిగినప్పుడు దక్షిణపు గ్రిడ్డు వేరుగానుండుటచేత హైదరాబాదు వెలుగుచునే యుండెను. ఇచ్చట దీపము లార్పునది ఎక్కడి గ్రిడ్డో కాదు. వేసవి యీదురుగాలికి పదకొండువేల వోల్టుల తీగెమీద పడు ఒక వేపకొమ్మ, ఒక హోర్డింగు రేకు. 1998లో సైబర్ టవర్సుతో మొదలై నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాక పెరిగిన అద్దాల మేడలలో రెప్పపాటున జనరేటరు అందుకొనును గనుక, ఉద్యోగులకు కరెంటు పోయినదనియే తెలియదు. సాయంకాలము ఇల్లు చేరి, సొంతగేటు ఎదుట హారను మ్రోగించునప్పుడే తెలియును. ఇంట ఇన్వర్టరున్నను అది దీపములకు, పంకాలకు కట్టినదే గాని గేటునకు కట్టినది తరచుగా కాదు. గేటులోనే బ్యాటరీ యున్నవారును నిశ్చింతగా నుండరాదు. వాడకమున్నను లేకున్నను సీసపు బ్యాటరీ రెండు మూడేండ్లలో నీరసించును.

2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టి మరియొక పాఠమును నేర్పినది. సెల్లారులలో నీరు నిండినచోట కరెంటును ప్రమాదభీతిచేత తామే తీసివేయవలసి వచ్చెను. కార్లు లోపల మునిగినవి. అట్టి సమయమున షట్టరు గొలుసు పట్టుకొనుటకు ముందు మోటారు పెట్టె తడిసినదా, నీటిలో నిలిచియున్నామా యని చూచుకొనవలెను. కారు పోయిన మరల కొనవచ్చును. తీగె తెగినచో ముట్టక విద్యుత్తు సంస్థ సహాయపు సంఖ్య 1912కు ఫోను చేయవలెను.

మొన్నటి ఆదివారమున మేనకోడలింటిలో ఎమ్‌సీబీ దించి, ఇంటిల్లిపాదిని గేటు చుట్టు నిలిపితిని. తాళంచెవులకు ఇప్పుడు ఎర్రదారము కట్టి వాచ్‌మన్ గది మేకునకు ఒకటి, వంటింటి గుమ్మము ప్రక్క ఒకటి తగిలించినారు. పదియేండ్ల మనుమడు మూత తీసెను. వాచ్‌మన్ మీట లాగి, పాతజ్ఞాపకముచేత కాబోలు, రెండు కాళ్లు బారచాపి, ఊపిరి బిగించి, భుజము మోపెను. గేటు జరజర జరిగి అవతలి స్తంభమును తాకినది. అతడు తూలి నిలద్రొక్కుకొని, తన అరచేతిని చూచుకొని, “గింత అల్కగుంటదా సారూ!” అన్నాడు.