ఉద్దానం పాత చీటీ

ఉద్యానమన్న మాటే ఉద్దానమైందంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలు కొబ్బరి, జీడి, పనస తోటలతో కంటికి చల్లగా ఉంటాయి. కాని ఆ చల్లని నీడలో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్లలో కాపురం పెట్టింది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంతవరకూ తేల్చలేదు.

ఈ జబ్బు మొదట్లో నొప్పి తెలియనివ్వదు. రక్తంలో క్రియాటినిన్ ఎంతో చూసి, వయస్సూ, ఆడా మగా అన్నదీ కలిపి లెక్కకడితే మూత్రపిండాల సత్తువ తెలుస్తుంది. ఆ అంకె 60కి లోబడి మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘవ్యాధి అంటారు. కనుక ఒక్క పరీక్ష చాలదు. పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మరి పాత చీటీ ఏదీ? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇళ్ల కప్పులే ఎగిరిపోయాయి. ఇక కాగితాల మాట చెప్పాలా?

ఇక్కడే కంప్యూటరు అక్కరకు వస్తుంది. 2021 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నారు. దానికి జోడించిన పరీక్షల ఫలితాలను, రోగి ఒప్పుకుంటే, టెక్కలి వైద్యుడైనా విశాఖ వైద్యుడైనా చూడవచ్చు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. కారణం వెదికేవారికీ ఏళ్ల తరబడి లెక్కలే ఆధారం.

ఐతే యంత్రం తనంతట తాను ఏమీ ఎరగదు. రక్తం తీసేవారు, అంకె తప్పులేకుండా ఎక్కించేవారు, గడువు రాగానే మళ్లీ రమ్మని గుమ్మంలో పిలిచేవారు కావాలి. చదువుకున్న పిల్లలు ఇంటి పెద్దల పేర నమోదు చేయించి, మలి పరీక్ష తేదీని గోడ కాలెండరు మీద గుర్తు పెడితే, సగం పని ఇంట్లోనే జరిగినట్లు.