గరాజు కథలో లేని మనుషులు

పర్సనల్ కంప్యూటరు ఎలా పుట్టిందని అడిగితే రెండు మూడు పేర్లే వినిపిస్తాయి. ఒక కుర్రాడు, ఒక గరాజు, ఒక మెరుపులాంటి ఊహ, ఆ పైన కోట్లు. తెలుగు పాఠం చెప్పే నాకు ఈ ఎత్తుగడ కొత్తగా తోచదు. ధీరోదాత్తుణ్ణి ముందు నిలబెట్టి తక్కినవారిని వర్ణనల్లో కలిపేసే ప్రబంధ పద్ధతే ఇది. ఆ తక్కినవారెవరు?

1973లో అమెరికాలోని బర్క్‌లీలో, లియోపోల్డ్స్ అనే గ్రామఫోను రికార్డుల దుకాణం మెట్లపైన, ప్రకటనల బోర్డు పక్కన ఒక టెలిటైపు యంత్రం పెట్టారు. టెలిఫోను తీగ దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలోని పెద్ద కంప్యూటరుతో కలిపింది. దారినపోయే వారెవరైనా తమ మాట అందులో చేర్చవచ్చు, ఇతరుల మాట వెతకవచ్చు. దాని పేరు కమ్యూనిటీ మెమరీ. లీ ఫెల్సెన్‌స్టైన్, ఎఫ్రెం లిప్కిన్, జూడ్ మిల్హాన్ వంటివారు దాని వెనుక ఉన్నారు. సైన్యానికీ బ్యాంకులకూ విశ్వవిద్యాలయాలకూ పరిమితమైన యంత్రం అలా వీధిలోకి వచ్చింది. సంగీతకారులు తోటి వాద్యకారులను వెతుక్కున్నారు. బెన్‌వే అనే మారుపేరుతో ఎవరో వింత రచనలు చేర్చారు. యంత్రం జనానికి అందగానే రచన కూడా మొదలైందన్నమాట!

1975 జనవరిలో ఎడ్ రాబర్ట్స్ సంస్థ తయారుచేసిన ఆల్టెయిర్ 8800, ఇంట్లో బిగించుకునే కంప్యూటరుగా, ఒక పత్రిక ముఖచిత్రమైంది. ఆ మార్చి 5న మెన్లోపార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ గరాజులో 30 మందికి పైగా ఔత్సాహికులు చేరారు. అదే హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్. పిలుపునిచ్చిన ఫ్రెడ్ మూర్, 1959లో నిర్బంధ సైనిక శిక్షణకు వ్యతిరేకంగా నిరాహారదీక్ష చేసిన శాంతివాది. తెలిసింది నలుగురికీ చెప్పడం అక్కడి ఆచారం. స్టీవ్ వోజ్నియాక్ తన తొలి ఆపిల్ నమూనా పటాలను అక్కడే పంచిపెట్టాడు.

1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఇలాంటి ఔత్సాహికులకు బహిరంగలేఖ రాశాడు: తమ ప్రోగ్రామును కొనకుండా నకలు తీసుకోవడం దొంగతనమేనన్నాడు. రాసినవాడికి ప్రతిఫలం దక్కాలన్న వాదనను రచయితలం మనం కాదనలేం. అయితే సరుకుకు యజమాని పేరు ఉండి, ఉచితంగా పంచిన జ్ఞానానికి పంచినవారి పేరు మిగలకపోవడం ఏ న్యాయం?

ప్రసిద్ధుల ప్రతిభను తగ్గించాలని నేననడం లేదు. బడిలో వాక్యం రాసి కర్త ఎవరని ఏకవచనంలోనే అడుగుతాం. విజయగాథలు చదివేటప్పుడు మాత్రం కర్తను బహువచనంలో వెతకాలి.