ఒకే గడిలో చిక్కిన వివరములు – వానిని వేరుపరచు విధానము

గ్రామములో జరుగు ప్రతి మంచిపనికిని మొదట ఒక జాబితా కావలెను. ఎవరికెంత భూమి కలదో, ఏ సంఘమున ఎవరు సభ్యులో, ఎవరి ఖాతాలో ఎంత సొమ్ము జమ కావలెనో ఆ జాబితాయే చెప్పును. జాబితా తప్పైనచో న్యాయముగా రావలసిన సొమ్మైనను చేరవలసిన వానికి చేరదు. పూర్వము ఈ జాబితాలను దస్త్రములలో గీతలు గీచి వ్రాసెడివారు. నేడు ఆ పని కంప్యూటరులోని స్ప్రెడ్‌షీటు చేయుచున్నది. 1979వ సంవత్సరమున అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు రూపొందించిన ‘విసికాల్క్’తో ఈ సాధనము వ్యాప్తిలోనికి వచ్చినది. నేడు ఎక్కువమంది వాడుచున్న ‘ఎక్సెల్’ 1985లో వెలువడినది.

పంచాయతీ కార్యాలయములందును, పాల సంఘములందును, స్వయం సహాయక బృందములందును పనిచేయువారికి తరచుగా ఒక చిక్కు కలుగుచున్నది. వాట్సాప్‌లో వచ్చిన జాబితాను స్ప్రెడ్‌షీటులో అతికించగా, పేరు, ఇంటి నంబరు, సర్వే నంబరు, ఖాతా సంఖ్య అన్నియు ఒకే గడిలో పడును. చూచువారికి ఏది పేరో, ఏది సంఖ్యయో తెలియును గాని, యంత్రమునకు అదంతయు ఒకే వాక్యము. అట్టి జాబితాను అకారాదిగా అమర్చుటకు గాని, మొత్తములు కూడుటకు గాని వీలుపడదు. ఆ వివరములను ఏ కాలమ్‌కు ఆ కాలమ్‌గా విడదీయు పద్ధతిని మేమిచ్చట వివరించుచున్నాము.

గట్టు ఏదో గుర్తించుట

ఒక మడికిని మరియొక మడికిని నడుమ గట్టు ఉన్నట్లే, ఒక వివరమునకును మరియొక వివరమునకును నడుమ ఏదో ఒక గుర్తు ఉండును. అది కామా కావచ్చును, సెమికోలన్ కావచ్చును, ఖాళీ ఎడము కావచ్చును, నిలువు గీత కావచ్చును. ‘టాబ్’ అను గుర్తు ఉన్నచో అతికించినప్పుడే వివరములు వేర్వేరు గడులలో పడును. తక్కిన గుర్తులున్నప్పుడు మాత్రము మనమే విడదీయవలెను. కనుక పని ప్రారంభించుటకు పూర్వము నాలుగైదు వరుసలను నిదానముగా చదివి, ఆ గట్టు ఏదో తెలిసికొనవలెను.

చేయవలసిన పని

మొదట ఫైలునకు ఒక నకలు తీసి ఉంచుకొనవలెను. పిమ్మట, విడదీయవలసిన కాలమ్‌కు కుడివైపున చాలినన్ని ఖాళీ కాలమ్‌లు ఉన్నవో లేవో చూడవలెను. విడిపోయిన వివరములు కుడివైపునకు పరచుకొనును. అచ్చట అంతకుముందు ఏమైన వ్రాసియున్నచో, ఎక్సెల్ ఒకసారి హెచ్చరించును. మనము సరే యన్నచో పాతది చెరిగిపోవును.

ఆ తరువాత ఆ ఒక్క కాలమ్‌ను ఎంచుకొని, పైనున్న ‘డేటా’ అను భాగములో ‘టెక్స్ట్ టు కాలమ్స్’ అనుదానిని నొక్కవలెను. పని మూడు మెట్లుగా సాగును.

మొదటి మెట్టులో రెండు మార్గములు కనబడును. వివరముల నడుమ గుర్తు ఉన్నచో ‘డీలిమిటెడ్’ అనుదానిని ఎంచుకొనవలెను. గుర్తు ఏదియు లేక, ప్రతి వరుసలోను ప్రతి వివరము సరిగా అదే చోట మొదలగుచున్నచో ‘ఫిక్స్‌డ్ విడ్త్’ అనుదానిని ఎంచుకొని, ఎచ్చట కోయవలెనో అచ్చట గీత పెట్టవలెను.

రెండవ మెట్టులో గట్టు ఏదో చెప్పవలెను. పట్టికలో లేని గుర్తైనచో ‘అదర్’ అనుచోట దానిని టైపు చేయవలెను. వెంటవెంట వచ్చిన గుర్తులను ఒకటిగా నెంచుమను వీలు కూడ ఇచ్చట కలదు. ఎడములు రెండు మూడు చొప్పున పడిన జాబితాకు ఇది ఉపయోగించును. కామాల జాబితాకు మాత్రము దీనిని వాడరాదు. ఒకరి ఫోను నంబరు లేక రెండు కామాలు ప్రక్కప్రక్కన పడినచో, ఆ ఖాళీ మాసిపోయి, తరువాతి వివరము ముందునకు జరుగును.

మూడవ మెట్టులో ఒక్కొక్క కాలమ్ స్వరూపము నిర్ణయించి ‘ఫినిష్’ నొక్కవలెను. పెక్కుమంది ఈ మెట్టును చూడకయే దాటిపోవుదురు. నష్టమంతయు ఇచ్చటనే కలుగును.

మూడవ మెట్టు ఎందులకు ముఖ్యము?

మనమేమియు చెప్పనిచో ఎక్సెల్ ప్రతి కాలమ్‌ను ‘జనరల్’గా నెంచి, అంకెవలె కనబడినదానిని అంకెగాను, తేదీవలె కనబడినదానిని తేదీగాను మార్చును. 00123456789 అను ఖాతా సంఖ్య ముందున్న రెండు సున్నలను పోగొట్టుకొని 123456789 అగును. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానముల వరకే నిలుపుకొనును. కనుక 16 స్థానముల ఖాతా సంఖ్యలో చివరి అంకె సున్నగా మారిపోవును. 12/3 అను సర్వే నంబరు మార్చి 12వ తేదీ యగును. 4-12 అను ఇంటి నంబరు డిసెంబరు 4వ తేదీ యగును. ఒకసారి తేదీగా మారిన పిమ్మట దానిని మరల ‘టెక్స్ట్’గా మార్చినను పాత నంబరు తిరిగిరాదు. వెంటనే ‘కంట్రోల్’, ‘జెడ్’ మీటలను కలిపి నొక్కి, పని మొదటినుండి చేయవలసినదే.

కావున ఖాతా సంఖ్య, ఆధార్ సంఖ్య, ఫోను నంబరు, సర్వే నంబరు, ఇంటి నంబరు – కూడికకు అక్కరలేని ఇట్టి కాలమ్‌లన్నింటికి ‘టెక్స్ట్’ అను స్వరూపమే ఇయ్యవలెను. తేదీల కాలమ్‌కు ‘డేట్’ ఎంచుకొని, రోజు, నెల, సంవత్సరము అను మన వరుసను సూచించు ‘డి.యం.వై.’ అనుదానిని నిర్ణయించవలెను. లేనిచో అమెరికా పద్ధతిలోనున్న కంప్యూటరు జూన్ 5ను మే 6గా చదువును.

మన జాబితాలలోని ప్రత్యేకపు చిక్కులు

మన పేర్లు ఒకే కొలతలో ఉండవు. ఒకరికి ఇంటిపేరు, పేరు కలిసి రెండు మాటలైనచో, మరియొకరికి నాలుగు మాటలుండును. ఎడమును గట్టుగా నెంచి విడదీసినచో, ఒకరి వరుసలో పేరున్నచోట మరియొకరి వరుసలో ఫోను నంబరు పడును. ఆధార్ సంఖ్యను నాలుగేసి అంకెలుగా ఎడమిచ్చి వ్రాసినచో అదియు మూడు ముక్కలగును. అట్లే 1,25,000 అని వ్రాసిన సొమ్మును కామావద్ద కోసినచో 1, 25, 000 అని మూడు గడులలో పడును. సొమ్మును జంట ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాసియున్నచో మాత్రమే లోపలి కామాలు కోతకు గురికావు. జాబితా పంపువారు వివరముల నడుమ సెమికోలన్ గాని నిలువు గీత గాని పెట్టి, సొమ్మును కామాలు లేక వ్రాసినచో ఈ చిక్కులు చాలవరకు తొలగును.

‘లిబ్రేఆఫీస్ కాల్క్’ అను ఉచిత సాధనములోను ‘టెక్స్ట్ టు కాలమ్స్’ కలదు. కాలమ్‌ల స్వరూపమును అందును నిర్ణయింపవచ్చును. ‘గూగుల్ షీట్స్’లో ‘స్ప్లిట్ టెక్స్ట్ టు కాలమ్స్’ అను పేర ఇదే పని జరుగును గాని, స్వరూపము నడుగు మెట్టు అందు లేదు. కావున ఖాతా సంఖ్యలున్న జాబితాలకు తొలి రెండును మేలు. ప్రజల ఖాతా వివరములను, ఆధార్ సంఖ్యలను, పని సులువగునని ఊరు పేరు తెలియని వెబ్‌సైట్లలో పెట్టరాదు.

సరిచూచుట

విడదీసిన పిమ్మట నాలుగు సంగతులు చూడవలెను. వరుసల సంఖ్య మొదటి జాబితాతో సరిపోవలెను. సొమ్ము మొత్తము పంపినవారు చెప్పిన మొత్తముతో సరిపోవలెను. చివరి కాలమ్‌ను దాటి ఎచ్చటనైన ఒక మాట పొరలిపోయినచో, ఆ వరుసను చేతితో దిద్దవలెను. ఖాతా సంఖ్యలను మాత్రము పాస్‌పుస్తకముతో ఒక్కొక్కటిగా పోల్చవలెను.

ఈ పరిశీలనకు అరగంట పట్టవచ్చును. తప్పుపడిన ఒక్క సున్న వలన సొమ్ము రాని ముదుసలి బ్యాంకు చుట్టును, కార్యాలయము చుట్టును తిరుగు దినములతో పోల్చిచూచినచో ఆ అరగంట మిక్కిలి స్వల్పము. జాబితాలోని ప్రతి వరుస వెనుక ఒక కుటుంబము కలదని గుర్తుంచుకొని, గ్రామోద్యోగులును, సంఘ నిర్వాహకులును ఈ పనిని శ్రద్ధతో నిర్వహింతురని ఆశించుచున్నాము.