తాను కొట్టదు, కొట్టిస్తుంది!

మీ కాలికి ముల్లు గుచ్చుకుంది. పాదం వాచింది. మర్నాటికి గజ్జల్లో బిళ్ళ కట్టింది. పాదంలో ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ళ ఎందుకు కట్టాలి? ఎప్పుడైనా ఆలోచించారా?

సూక్ష్మజీవులతో పోరాడేవి తెల్ల రక్తకణాలని మీరు పాఠాల్లో చదువుకున్నారు. వాటిలో ఒక విచిత్రమైన రకం ఉంది. అది సూక్ష్మజీవిని మింగదు, ప్రతిరక్షకాలను తయారు చేయదు. అయినా అది లేనిదే మిగిలినవి సరిగా పనిచేయలేవు. దాని పేరు సహాయక టి కణం. ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో పెరుగుతుంది కనుక దానికి 'టి' అనే అక్షరం వచ్చింది.

ముల్లు దిగినచోట డెండ్రైటిక్ కణం అనే కాపలాదారు ఉంటుంది. అది సూక్ష్మజీవిని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను తన పైపొర మీద ప్రదర్శిస్తూ గజ్జల్లోని లింఫ్ గ్రంథికి చేరుతుంది. ఒక్కొక్క సహాయక కణం ఒక్కొక్క రకం ముక్కనే గుర్తిస్తుంది. తాళానికి తాళంచెవి కుదిరినట్లు సరిపోయే కణం తగలగానే, అది ఒకటి రెండై, రెండు నాలుగై వేల సంఖ్యలో పెరుగుతుంది. గ్రంథి ఉబ్బుతుంది. మీరు తడిమిన బిళ్ళ అదే!

ఇక సహాయక కణాలు ఇంటర్‌ల్యూకిన్లు మొదలైన రసాయనాలతో కబురు పంపుతాయి. ఆ కబురు అందుకొని బి కణాలు మేలైన ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. చంపే టి కణాలు బలపడతాయి. మింగే కణాలు తాము మింగినవాటిని బాగా అరిగించుకుంటాయి.

ఈ కబురు ఆగిపోతే? 1981లో అమెరికాలో కొందరు యువకులు, ఆరోగ్యవంతులకు సాధారణంగా రాని ఒక రకం న్యుమోనియాతో మంచం పట్టారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనికి మూలమైన వైరస్‌ను కనుగొన్నారు. అదే హెచ్.ఐ.వి. అది ముఖ్యంగా సహాయక కణాలలోనే దూరి వాటిని నాశనం చేస్తుంది. ఆరోగ్యవంతుని రక్తంలో ఘన మిల్లీమీటరుకు ఇవి సుమారు 500 నుంచి 1,500 వరకు ఉంటాయి. 200 కంటే తగ్గితే అది ఎయిడ్స్ దశ.

2004 నుంచి మన ప్రభుత్వం దీనికి ఉచితంగా మందులు ఇస్తోంది. రోజూ మానకుండా వేసుకుంటే వైరస్ అణగి, సహాయక కణాలు తిరిగి పెరుగుతాయి. పక్కన కూర్చున్నా, కలిసి భోంచేసినా ఈ వైరస్ అంటదు. అటువంటి విద్యార్థి మీ తరగతిలో ఉంటే మీ బెంచీ మీదే చోటివ్వండి. భయపడవలసిన కారణం ఏదీ లేదని సైన్సు చెబుతోంది.