పాత్ర అడుగున నున్న పేరు

క్రొత్తపాత్రను కొనునపుడు మనము లోపల చూతుము, అంచు తడవి చూతుము, వ్రేలితో కొట్టి శబ్దము విందుము. బోరగిలించి యడుగు చూచువారు మాత్రము మిక్కిలి యరుదు. అడుగునున్న గుఱుతును చదువనేరకపోవుటచే నెట్టి నష్టము కలుగునో మా పినతల్లిగారి యింట చూచితిని.

ఆమె గుడివాడలో నొక వర్తకుని యొద్ద నీలిపూవుల పింగాణిగిన్నె నొకదానిని ఎనిమిదివేల రూపాయలిచ్చి కొనెను. అడుగున చీనాయక్షరము లాఱుండుటచే నది మింగు చక్రవర్తుల నాటిదని యాతడు నమ్మబలికెను. ఆ సొమ్ము కూతురి పెండ్లికై కూడబెట్టినది. నేను గిన్నెను త్రిప్పి చూడగా నా యక్షరముల క్రిందనే ఇంగ్లీషులిపిలో 'చైనా' యని సన్నగా నుండెను. దిగుమతియగు వస్తువులపై పుట్టిన దేశము పేరుండవలెనని అమెరికావారు 1891 సం॥ నుండి నిర్బంధించిరి. ఇట్టి వ్రాతలు పింగాణిపై విరివిగా కానవచ్చుట యటుపిమ్మటనే. మింగువంశము 1644 లోనే ముగిసెను. ఇక నా గిన్నె వయస్సు వేఱుగ చెప్పనేల?

రాజుపేరున్నంతమాత్రమున పాత్ర యా రాజు కాలముది కానేరదు. కాంగ్షీ చక్రవర్తి కాలమున (1662–1722) చీనా కుమ్మరులు అంతకు రెండువందల యేండ్లకు మునుపటి చెంగ్‌హువా చక్రవర్తి పేరును తమ పాత్రలపై వ్రాసిరి. పూర్వులపై గౌరవముచే కొందఱు వ్రాసినది తరువాత మోసగాండ్రకు పనిముట్టయ్యెను.

గత నూఱేండ్లుగా తమ సారెపై తామే మలచి, తామే కాల్చి, తమ గుఱుతును తామే వేయు కళాకారులు పెక్కుదేశములందు బయలుదేరిరి. వీరి పనిని స్టూడియో పాటరీ యందురు. బెర్నార్డు లీచియు, జపానువాడగు హమాడా షోజియు 1920 సం॥లో ఇంగ్లండునందలి సెయింట్ ఐవ్స్‌లో నిట్టి కార్యశాలను స్థాపించిరి. లీచి స్వయముగా చేసిన పాత్రలపై తఱచుగా రెండు ముద్రలుండును: బి, ఎల్ అను తన పేరి పొడియక్షరము లొకటి, ఎస్, ఐ అను కార్యశాల ముద్ర యొకటి. రెండవది మాత్రమే యున్నచో నది యచటి పనివారు చేసినది కావచ్చును. మన దేశమున జపానులో విద్య నేర్చివచ్చిన గురుచరణ్ సింగు 1952 లో ఢిల్లీయందు కార్యశాలను నెలకొల్పెను. పుదుచ్చేరిలో 1971 లో రే మీకరు, డెబొరా స్మితు అనువారు గోల్డెన్ బ్రిడ్జి పాటరీని స్థాపించి పలువురకు విద్య నేర్పిరి.

ముద్రను పరీక్షించు విధము కష్టమైనది కాదు. పచ్చిమట్టిపై నొత్తిన ముద్ర యంచులు మెత్తగా నుండును. పైని గాజుపూత పోసినచో నది గుంటలలోనికి జాఱి నిలుచును. కాల్చిన పిమ్మట గీచిన పేరైనచో పూత చిట్లి, గీతలు గరుకుగా నుండును. అట్టిదానిని తొందరపడి నమ్మరాదు. పిదప మట్టిరంగు, బరువు, అడుగుచుట్టు తీరు, పూత యాగినచోటు, ఇవన్నియు నా కళాకారుని పనియని నిశ్చయముగ తెలిసిన పాత్రలతో సరిపోవలెను. ముద్ర యొక సాక్షి మాత్రమే. తక్కిన సాక్షులు దానితో నేకీభవింపవలెను.

పేరు లేనంతమాత్రమున పాత్ర తక్కువది కాదు. హమాడా స్వదేశమునకు మఱలి మషికో గ్రామమున స్థిరపడిన తరువాత పాత్రలపై పేరు వేయుట మానెను. పాత్ర నుంచు కొయ్యపెట్టెపై మాత్రము సంతకము చేయుచుండెను. పెట్టె పోయినచో సాక్ష్యము పోయినట్లే.

పేరుల మాట వచ్చినది గనుక మనయిండ్ల సంగతి చెప్పెదను. దివిసీమలో పుట్టిన మా యత్తగారు ఒక కథ చెప్పుదురు. 1977 సం॥ నవంబరు 19వ తేదీ యుప్పెనలో కొట్టుకొనిపోయిన యిత్తడిబిందె యొకటి పొరుగూరి బురదలో దొరకగా, దానిపై చెక్కిన పేరును బట్టి పుట్టింటివారికి తెచ్చియిచ్చిరట. బిందె వచ్చెను గాని యా పేరుగల యిల్లాలు రాలేదు. వారు నేటికిని దానిని నీటికి వాడక దేవునిగదిలో నుంచుకొనిరి.

ఆ బిందెపై నున్నవి యిచ్చినవారి, పుచ్చుకొన్నవారి పేర్లే. చేసిన కంచరి పేరు లేదు. ఆ సీమలోనే యున్న ఘంటసాల ప్రాచీనశాసనములలో మహానావికుడగు శివకుని పేరు నేటికిని చదువుచున్నాము. ఱాతిని చెక్కిన చేతుల పేరెవరడుగుదురు? మా బందరులో నేను ఏటేట నీళ్లకుండ కొను కుమ్మరి పేరును పదేండ్లవఱకు నేనును అడుగలేదు. ఈ వేసవిలో అడిగితిని. అతడు నవ్వి, తనపేరును తండ్రిపేరును గూడ చెప్పెను. ఆ రెండును ఇంటిలెక్కల పుస్తకములో, కొన్న తేదీతో వ్రాసియుంచితిని.

సోదరీమణులారా! ముద్రగల పాత్ర దొరకినచో చదువుడు. ముద్ర లేనిచో, చేసినవాడు కన్నుల యెదుట నుండగనే పేరడిగి వ్రాసికొనుడు.